నంది నుంచి సున్న తీసేస్తే

"సున్న తీసేస్తే నంది పారుతుంది (2)."

గడి, అంటే క్రాస్‌వర్డ్, నింపుదామని పెన్ను పట్టుకున్న మనిషికి ఇలాంటి ఆధారం (క్లూ) ఎదురైతే మొదట చిరాకేస్తుంది. చివర బ్రాకెట్లో ఉన్న అంకె జవాబు పట్టే గళ్ళ సంఖ్య. నంది పారడం ఏమిటి? గుళ్ళో శివుడి ఎదురుగా కాళ్ళు ముడుచుకుని కూర్చున్న రాతి నంది ఎక్కడికి పారిపోతుంది? సున్న అంటే లెక్కల్లో సున్నానా, గోడకు వేసే సున్నమా? ఈ ప్రశ్నలన్నీ పుట్టాలనే కూర్పరి, అంటే గడి తయారుచేసేవాడు, ఆ వాక్యాన్ని అలా రాశాడు. శివుణ్ణీ గుడినీ కాసేపు పక్కన పెట్టి, 'నంది'ని రెండక్షరాల మాటగా మాత్రమే చూస్తే పని తేలికవుతుంది. 'నం'లో సున్న తీసేస్తే 'న'. పక్కన 'ది' ఎలాగూ ఉంది. నది. పారేది అదే.

మామూలు గడిలో అయితే "పారే నీరు (2)" అని ఇచ్చి ఊరుకుంటారు. నది, ఏరు, వాగు, వంక అన్నీ రెండు గళ్ళలో పడతాయి. ఏది సరైందో అడ్డం నిలువు కలిశాక గానీ తెలియదు. పైన ఉన్న గూఢమైన ఆధారానికి నది తప్ప ఇంకేదీ పట్టదు. చూడటానికి తికమకగా ఉన్న ఆధారమే నిజానికి ఎక్కువ చెబుతోంది. ఒకే జవాబుకు అర్థం వైపు నుంచి ఒక దారి, అక్షరాల వైపు నుంచి ఇంకో దారి ఇస్తోంది. రెండూ ఒకచోట కలిశాయంటే జవాబు సరైందో కాదో ఎవరినీ అడగక్కర్లేదు, వచ్చే వారం సంచిక దాకా ఆగక్కర్లేదు.

గళ్ళ పజిల్ పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రం ఆకారంలో ఒకటి వేశాడు. అందులో గూఢం ఏమీ లేదు, నేరుగా అర్థాలే. దానికి మెలికలు పెట్టింది ఇంగ్లండు వాళ్ళు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పావిస్ మాథర్స్ పూర్తిగా గూఢమైన ఆధారాలతో గళ్ళు కూర్చాడు. టార్కెమాడా అంటే స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని చిత్రహింసలు పెట్టించిన అధికారి. పేరులోనే హెచ్చరిక ఉందన్నమాట. 1939లో ఆయన తర్వాత వచ్చిన మాక్‌నట్ కూడా అలాంటి ఇంకో అధికారి పేరే, జిమెనెజ్ అని, పెట్టుకున్నాడు. కానీ చేసిన పని వేరు. ఆధారంలో సరైన అర్థం ఉండాలి, న్యాయమైన అక్షరాల ఆట ఉండాలి, ఈ రెండూ తప్ప ఇంకొక్క మాట కూడా ఉండకూడదు అని కట్టుబాటు పెట్టాడు. మన దేశంలో ది హిందూ పత్రిక గడి 1971లో మొదలైంది. దాని మొదటి కూర్పరి రిటైరైన వైస్ అడ్మిరల్ రామ్ దాస్ కటారి, నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు.

తెలుగులో ఈ ఆటను శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు. ఇద్దరూ కవులే కావడం యాదృచ్ఛికం అనుకోలేం. ఛందస్సుకు మాటలు కొలిచి కొలిచి అలవాటైన చేతికి గళ్ళకు కొలవడం పెద్ద కష్టం కాదు మరి.

ఇంగ్లీషు పద్ధతిని తెలుగులోకి దించుకుంటే సరిపోతుందనుకున్న వాళ్ళకు మొదటి గడిలోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంగ్లీషులో గడికి ఒక లెటర్. తెలుగులో గడికి ఒక అక్షరం, గుణింతంతో వత్తుతో సున్నతో సహా. 'లక్ష్మి'కి రెండే గళ్ళు. 'ల' ఒకటి, 'క్ష్మి' ఒకటి. అదే మాటను కంప్యూటర్ యూనికోడ్‌లో ఏడు ముక్కలుగా దాచుకుంటుంది. మామూలు క్రాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు మాట ఇస్తే గుడులూ పొల్లులూ గళ్ళలో విడివిడిగా దొర్లేది అందుకే.

ఈ తేడా ఎంత లోతైందో 'వికటకవి' చూస్తే తెలుస్తుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా వి, క, ట, క, వి. తెనాలి రామకృష్ణుడికి అమ్మవారు ఇచ్చిన బిరుదని చిన్నప్పుడే అందరూ వింటారు. అదే పేరును ఇంగ్లీషు లెటర్లలో రాసి వెనక్కి తిప్పితే అర్థంలేని ముద్ద వస్తుంది. ఆ మాయ అంతా అక్షరాన్ని విడగొట్టకుండా కదిపినప్పుడే ఉంది. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ముందు నుంచి చదివితే తెలుగు, చివరి నుంచి చదివితే సంస్కృతం అయ్యే కంద పద్యం రాశాడంటే అదీ ఈ లెక్కనే. వెనక్కి తిప్పడం తెలుగువాడికి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

అందుకే తెలుగు గడిలో తిరగేత బాగా పండుతుంది. "లంక తిరగబడితే రచయిత చేతికి చిక్కేది (2)." పైకి యుద్ధకాండ వాసన వస్తుంది. లం, క. తిరగబడితే క, లం. కలం. సున్న 'ల'ను అంటిపెట్టుకునే వచ్చింది, విడిగా గంతులేయలేదు. "లక్ష్మీదేవి రావాలంటే మర తిప్పాలి (2)" అన్నది పిండిమర ఓనరు నోట వచ్చిన మాటలా ఉంటుంది. మర తిప్పితే రమ, లక్ష్మి ఇంకో పేరు. "తలకిందులైన తీగ (2)" ఇంకా ముచ్చటైనది. ఇందులో తలకిందులు అనే మాటను మధ్యలో విరగ్గొట్టాలి. తల కిందుమీదైతే లత. తిప్పమని చెప్పే మాటా తిప్పాల్సిన సరుకూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇలాంటి ఆధారం కష్టపడి తయారు చేసేది కాదు, భాషలో పడి ఉంటే దొరికేది.

దానికి ఎదురుగా, ఇంగ్లీషులో రాజ్యమేలే అక్షరాల కలగాపులగం తెలుగులో చప్పగా ఉంటుంది. తొమ్మిది వేర్వేరు లెటర్ల మాటను 3,62,880 రకాలుగా పేర్చవచ్చు. తెలుగులో సాధారణంగా దొరికే నాలుగక్షరాల మాటను 24 రకాలుగా, మూడక్షరాల దాన్ని ఆరు రకాలుగా. కాఫీ చల్లారేలోపు అన్నీ రాసి చూడొచ్చు. "చెదిరితే", "కకావికలైతే" అని తెలుగు ఆధారాల్లో ఎక్కువగా కనిపిస్తుంటే అది ఇంగ్లీషు అలవాటే తప్ప తెలుగు బలం కాదు.

తెలుగు అసలు బలం ఇంకోచోట ఉంది. పైన ఇచ్చిన ఆధారాలను మళ్ళీ చూడండి. తీసేస్తే, తిరగబడితే. ఈ 'తే' తెలుగు గడికి ఈక్వల్ టు గుర్తు లాంటిది. చాలాసార్లు దానికి ఎడమ పక్క ఆట, కుడి పక్క అర్థం. వాక్యం కూడా సహజంగా ఉంటుంది, ఎందుకంటే తెలుగువాళ్ళు రోజూ మాట్లాడేదే అలా. వానొస్తే, కరెంటు పోతే, వాడొస్తే.

ఇక్కడో వ్యాకరణం గొడవ కూడా ఉంది. ఇంగ్లీషులో 'లోపల', 'చుట్టూ', 'నుంచి' లాంటివి విడి మాటలు. తెలుగులో ప్రత్యయాలు మాటకు అతుక్కుపోతాయి, కొన్నిసార్లు మాట రూపాన్నే మార్చేస్తాయి. 'ఇల్లు'కు 'లో' చేర్చగానే 'ఇంట్లో' అవుతుంది, ఇల్లు మాయం. 'ఊరు'కు 'కి' తగిలితే 'ఊరికి'. ఆటకు కావాల్సిన సరుకు ఆధారంలో చెక్కుచెదరకుండా ఉండాలంటే దాన్ని వాక్యంలో కర్తగా కూర్చోబెట్టడమే మేలు. లంక తిరగబడుతుంది, తోక తెగుతుంది, రెండు మాటలు కలుస్తాయి. ప్రాణం లేని వాటికి 'ను' లేకుండానే సరిపెట్టుకోవచ్చు గనక మర కూడా తిప్పొచ్చు. "రాముణ్ణి తిప్పితే" అంటే మాత్రం 'రాముడు' తిప్పాలా 'రామ' తిప్పాలా అన్నది పూరించేవాడి మీద పడుతుంది. అది కూర్పరి బద్ధకం.

ఈ ఇబ్బందిని ఒడుపుగా దాటిన ఆధారం: "పాత రాజు కొలువులో త్రాసు (3)." పాత రాజు అన్న రెండు మాటల్లో పా వదిలేసి చదివితే త, రా, జు. తరాజు, అంటే త్రాసు. తెలంగాణలో పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినిపించే మాట. 'లో' అన్న ప్రత్యయం వెళ్ళి 'కొలువు'కు అతుక్కుంది గనక 'రాజు'కు దెబ్బ తగల్లేదు. పైగా కొలువు అన్నచోట కొలతలు కూడా స్ఫురిస్తాయి. జవాబు కళ్ళ ముందే ఉండి కూడా కనబడదు, మాటల మధ్య ఖాళీ దాన్ని దాచేస్తుంది.

కలిపే ఆధారాల్లో తెలుగుకు సంధుల వల్ల ఇంకో సౌకర్యం. "పాలించు గ్రామాన్ని, అదో నగరం (3)." ఏలు, ఊరు, కలిపితే ఏలూరు. ఉకారం సంధిలో పోయింది, ఎవరికీ అభ్యంతరం లేదు. ఊరి పేరు అసలు ఎక్కడి నుంచి వచ్చిందో చరిత్రకారులు చూసుకుంటారు, గడికి దానితో పని లేదు. "ఆండాళ్ పక్కన ధాన్యం, ఎంత నీరో (4)" అంటే గోదా (ఆండాళ్ ఇంకో పేరు), వరి. గోదావరి. ఒక మాటను ఇంకో మాట కడుపులో పెట్టడం ఇంకో పద్ధతి. "రామకృష్ణుడి ఊరు, నా చుట్టూ తెల్లన (3)." తెల్లనకు తెలి, తెలిమంచులో ఉన్న తెలి. దాని మధ్యలో 'నా' పెడితే తెనాలి. "నెల్లూరు జిల్లాలో కాపలా (3)" అన్నదానికి ఆటే లేదు, రెండు అర్థాలు భుజం భుజం కలిపి నిలబడ్డాయి. కావలి ఊరూ అదే, కావలి కాయడమూ అదే. ఇలాంటివి పైకి అమాయకంగా కనిపిస్తాయి గనక మనిషి వీటి దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాడు.

పూరించే తీరు ఎలా ఉంటుందో ఒక చిన్న మూలలో చూద్దాం. మూడు ఆధారాలు. 1 అడ్డం: "స్వప్నం, దేవుడిచ్చింది కలిస్తే కంగారే (4)." 1 నిలువు: "నిద్రలో వచ్చేది రాసేదానితో చేరితే ఒకటే గోల (4)." ఈ నిలువు మాట మూడో గడి దగ్గర 2 అడ్డం ముగుస్తుంది: "బడికెళ్ళే బుడ్డోడి చేతిలో తిరగేసిన కలప (3)."

కంగారు అనగానే చాలామంది 1 అడ్డంలో ఆందోళన అని రాసేస్తారు. సరిగ్గా నాలుగు గళ్ళు, పెన్ను ఆగదు. స్వప్నం ఏమైంది, దేవుడు ఏమిచ్చాడు అన్నవి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. 'ఆం'తో మొదలయ్యే గోల కోసం పది నిమిషాలు వెతికాక టెన్షన్ మొదలవుతుంది. ఏమీ తోచక 2 అడ్డం వైపు వెళ్తే అది తేలిగ్గా లొంగుతుంది. క, ల, ప తిరగేస్తే పలక. బడికెళ్ళే వాడి చేతిలో ఉండేదే, చుట్టూ చెక్క చట్రంతో. ఇక్కడ కలప, పలక రెండూ మంచి మాటలే కదా, ఏది రాయాలి అన్న అనుమానానికి తావు లేదు. తిరగేయమన్నది కలపను, బుడ్డోడి చేతిలో ఉన్నది రెండోది.

పలక రాగానే 1 నిలువు మూడో గడిలో 'క' పడింది. ఒకటే గోల, నాలుగు అక్షరాలు, మూడోది క. కలకలం తట్టడానికి అంతకంటే ఏం కావాలి? తట్టాక వెనక్కి చూసుకుంటే నిద్రలో వచ్చేది కల, రాసేది కలం. ఇప్పుడు 1 అడ్డం 'క'తో మొదలవ్వాలి, ఆందోళన కొట్టేయక తప్పదు. స్వప్నం అంటే మళ్ళీ కలే. దేవుడిచ్చింది వరం. కలవరం. ఒకే మూలలో కలను రెండుసార్లు వాడుకోవడం కూర్పరి చేతగానితనం అని తిట్టుకోవచ్చు, తప్పు లేదు.

అడ్డం నిలువు కలిసిన చోట తెలుగు గడి ఇంగ్లీషు గడి కంటే చాలా ఉదారంగా ఉంటుందని ఇక్కడే తెలుస్తుంది. ఇంగ్లీషులో కలిసిన గడి 26 లెటర్లలో ఒకదాన్ని ఇస్తుంది. తెలుగులో వత్తులు వదిలేసి గుణింతాలు మాత్రం లెక్కేసినా నాలుగు వందలు దాటుతాయి, వాటిలోంచి ఒక్కటి ఖాయంగా చేతికొస్తుంది. పూరించేవాడికి వరం. కూర్చేవాడికి మాత్రం నరకమే. 'క్ష్మి' ఉన్న గడిలోంచి నిలువుగా ఇంకో మాట పోవాలంటే దానిలోనూ 'క్ష్మి' ఉండాలి, ఎక్కడ దొరుకుతుంది? అందుకే కలిసే గళ్ళలో క, ర, ల, వ, న లాంటి ఒట్టి అక్షరాలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఏ రెండు తెలుగు గళ్ళు చూసినా పాత చుట్టాలను చూసినట్టు ఉండటానికి కారణం ఇదే.

జవాబు తట్టడం ఒక ఎత్తు, అది ఎందుకు సరైందో విడమర్చి చెప్పడం ఇంకో ఎత్తు. కలవరం అని రాసి వదిలేసిన వాడు గడి నింపాడు, అంతే. కల, వరం, కంగారు అని మూడు ముక్కలూ చూపించి, ఆధారంలో ఏ మాటా పని లేకుండా మిగల్లేదని చెప్పినవాడు విప్పాడు. అలా విప్పేటప్పుడే కూర్పరి తప్పులు బయటపడతాయి. "అందమైన లంక తిరగబడితే రచయిత చేతికి చిక్కేది" అని రాసి ఉంటే 'అందమైన' ఏం చేస్తోందని అడగాలి. ఏమీ చేయడం లేదు, వాక్యం బాగుంటుందని తెచ్చి పెట్టిన పూలకుండీ అది.

ఈ పరీక్షకు మొదట ఇచ్చిన నంది కూడా పూర్తిగా నిలబడదు. "సున్న తీసేస్తే నంది పారుతుంది." జవాబు నది, నామవాచకం. ఆధారంలో అర్థం చెప్పాల్సిన చోట ఉన్నది 'పారుతుంది', క్రియ. నదికి 'పారేది' సరైన అర్థం గానీ 'పారుతుంది' కాదు. జిమెనెజ్ చేతికి ఇస్తే తిప్పి కొట్టేవాడు. "సున్న తీసేస్తే నంది కాస్తా పారేదే" అని మారిస్తే చట్టం ఒప్పుకుంటుంది, కానీ రాతి ఎద్దు లేచి పరిగెత్తే తమాషా సగం చస్తుంది. ఇలాంటప్పుడు కొంచెం వ్యాకరణం వదులుకున్నా నష్టం లేదు. పూరించేవాడు మోసపోయాననుకోకూడదు, మోసపోయి నవ్వాలి. నంది దగ్గర నవ్వే వస్తుంది. అదే ఎద్దును "శివుడి వాహనం వెనక్కి తిరిగితే ఒక రోజు (2)" అని దినం చేస్తే చట్టానికీ లోటు లేదు, నవ్వుకూ లోటు లేదు.

సున్న తీయడం, గుడి పెట్టడం లాంటి ఆటలకు ఒప్పుకోని వాళ్ళున్నారు. అక్షరం విడగొట్టకూడదని పెట్టుకున్న నియమాన్ని మనమే తుంగలో తొక్కినట్టు కాదా అని వాళ్ళ వాదన. అక్షరాలను చెదరగొట్టేటప్పుడు అది నిజమే, గుడిని 'వి' మీంచి ఊడబెరికి 'క' మీద అతికిస్తే ఎవరూ ఊహించలేరు. గుర్తు పేరు చెప్పి, పెట్టమనో తీయమనో అంటే మాత్రం అందులో అన్యాయం కనిపించదు. బళ్ళో నేర్పిన పద్ధతే అది. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు అని గొంతెత్తి అరిచిన వాళ్ళే కదా అందరూ. ఆ 'ఇస్తే'లో ఉన్నది ఈ 'తే'నే. గుణింతం నేర్చుకున్న ప్రతివాడూ ఆరేళ్ళకే వందల కొద్దీ ఆధారాలు విప్పేశాడు, గడి అనే పేరు తెలియక ముందే.

పైగా ఆ గుర్తుల పేర్లు గడి కోసమే పెట్టారా అన్నట్టుంటాయి. గుడి అంటే దేవుడుండేది, కొమ్ము అంటే ఎద్దుకుండేది, సున్న అంటే పరీక్షలో వచ్చేది. "పలక మొదట్లో గుడి కడితే పంతులుగారి తల వెనక (3)" అన్న ఆధారంలో గుడి, పంతులుగారు పక్కపక్కనే ఉంటే ఎవరి బుర్రయినా ఊళ్ళో రామాలయం వైపే పోతుంది. పలకలో 'ప'కు గుడిస్తే పి. పిలక.

ఇంకో రెండు ఇక్కడ వదిలేస్తున్నాం, జవాబులు అక్కర్లేనివే. "మడికి కొమ్ము మొలిస్తే విప్పడం కష్టం (2)." "పులి పక్కన జ్యోతిష్కుడి గంట కొడితే గుళ్ళో ప్రసాదం (4)."